శ్రుతి ఎవరు పెట్టారు, వంత ఎవరు పాడతారు: ప్రజాస్వామ్య సిద్ధాంతంలో సంగీతం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పొలిటికల్ సైన్స్‌లో ప్లేటో దగ్గరికి వచ్చేసరికి సంగీతం మీద పేజీలకు పేజీలు కనిపిస్తాయి. గైడ్లలో ఆ భాగం ఎగరగొట్టేస్తారు. కోనసీమలో డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు, సాయంత్రం లైబ్రరీ అరుగు మీద పెద్దవాళ్లతో కూర్చున్నప్పుడు నాకు పదేపదే ఎదురైన ప్రశ్నలు ఇక్కడ పోగేశాను. జవాబులన్నీ ఒకే పొడవు ఉండవు. కొన్నిటికి నాలుగు మాటలు చాలు.

రాజకీయ సిద్ధాంతంలో పాటకేం పనండీ?

రాజ్యం కంటికి కనపడదు కాబట్టి దాని గురించి మాట్లాడాలంటే ఏదో ఒక పోలిక పట్టుకోక తప్పదు. ఓడ అన్నారు, శరీరం అన్నారు, కుటుంబం అన్నారు, యంత్రం అన్నారు. ఓడకు చుక్కాని పట్టేవాడుంటాడు, శరీరానికి తల ఉంటుంది, కుటుంబానికి తండ్రి ఉంటాడు. ఈ పోలికలు ఎటు తిప్పినా చివరికి ఒక పెద్ద దగ్గరే ఆగుతాయి. నలుగురు కలిసి పాడే పాటలో ఎవరి గొంతు వాళ్లదే, పని మాత్రం ఒకటే. ప్రజాస్వామ్యం గురించి రాసేవాళ్లకు అది నచ్చడంలో వింత లేదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, "సమాజం సంగీతంలా ఉండాలి" అనే ప్రతివాడి మనసులోనూ ఒక ఫలానా కచేరీ ఉంటుంది. ఏ కచేరీయో పైకి చెప్పడు. అందుకే ఇలాంటి పోలిక ఎదురైనప్పుడల్లా నేను ముందుగా వెతికేది ఒక్కటే: ఆ పాటలో ఎదురు చెప్పేవాడికి చోటు ఎక్కడుంది? కింది జవాబులన్నిటిలోనూ ఆ వెతుకులాటే ఉంది.

ప్లేటో పాటలంటే అంత భయపడ్డాడేంటి?

భయపడ్డాడంటే మామూలుగా కాదు. 'రిపబ్లిక్' మూడో పుస్తకంలో ఏడుపు వరసలనీ, తాగి తూలే వరసలనీ పేరు పెట్టి లిడియన్, అయోనియన్ అనే గ్రీకు స్వర పద్ధతులను నగరం నుంచి సాగనంపుతాడు. డోరియన్, ఫ్రిజియన్ ఉండొచ్చన్నాడు. ఆలోస్ అనే వాద్యాన్నీ వెళ్లగొట్టాడు. పుస్తకాల్లో దాన్ని పిల్లనగ్రోవి అని రాస్తుంటారు గానీ, అది మన సన్నాయిలా రెల్లు పీక పెట్టి ఊదే జంట గొట్టాల వాద్యం. ఆయన నగరంలో మన సన్నాయి మేళానికి ప్రవేశం లేదన్నమాట. నాలుగో పుస్తకంలో ఇంకా ముందుకెళ్లి, సంగీత పద్ధతులు మారితే రాజ్యపు పెద్ద చట్టాలు కూడా కదులుతాయని డామన్ అనే సంగీత పండితుడు చెప్పిన మాటగా ఒప్పుకుంటాడు.

అసలు సంగతి ఆయనదే ఇంకో గ్రంథం 'లాస్' మూడో పుస్తకంలో బయటపడుతుంది. వెనకటికి ఏథెన్స్‌లో జనం నోరు మూసుకుని చివరిదాకా వినేవారట. తర్వాత కవులు జనం ఈలలకూ చప్పట్లకూ లొంగిపోయారట. పాట మంచిచెడ్డలు నేను చెబుతానన్న ప్రేక్షకుడు, చట్టం మంచిచెడ్డలు కూడా నేనే చెబుతానన్నాడట. దానికి ఆయన థియేట్రోక్రసీ, అంటే ప్రేక్షకుల రాజ్యం, అని పేరు పెట్టాడు. ప్రజాస్వామ్యం కట్టు తెంచుకున్నది అక్కడేనని ఆయన ఫిర్యాదు.

ఇది మన వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. తీర్థంలో పద్యనాటకం చూసినవాళ్లందరికీ తెలుసు. రాయబారం సీను. కృష్ణుడు హార్మోనియం మీద శ్రుతి అందుకుని పద్యం ఎత్తుకుంటాడు, ఆఖరి పాదం దగ్గర రాగం తీస్తాడు, తీస్తూనే ఉంటాడు. చాపల మీద నుంచి "వన్స్ మోర్" అని ఒక కేక. అంతే, యుద్ధమా సంధా అన్నది అక్కడే ఆగిపోతుంది. కృష్ణుడు మళ్లీ మొదటి పాదానికి వస్తాడు. దుర్యోధనుడు మీసం మీద చెయ్యి వేసుకుని ఓపిగ్గా కూర్చోవాల్సిందే. ఆ కేకల కోసమే రాగాలు సాగి సాగి నాటకం పలచబడిందన్న విమర్శ మనలోనూ ఉంది. కాబట్టి ప్లేటో గమనించింది తప్పని నేను అనను. చాప మీద కూర్చున్నవాడు తీర్పు చెప్పడాన్ని ఆయన జబ్బు అన్నాడు. ప్రజాస్వామ్యం దాన్ని హక్కు అంటుంది.

కొత్త పద్ధతులొస్తే చట్టాలు కూలతాయన్న భయానికి జవాబు మన శంకరగుప్తంలోనే ఉంది. 1930లో అక్కడ పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ నాలుగంటే నాలుగు స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టారు. అవి అసలు రాగాలేనా అని పెద్ద రగడ జరిగింది. రాజ్యం మాత్రం కదల్లేదు.

అరిస్టాటిల్ ఏమన్నాడు?

గురువుగారికి సంగీతంతోనే జవాబు చెప్పాడు. 'పాలిటిక్స్' రెండో పుస్తకంలో, రాజ్యాన్ని అతిగా ఒకటి చేయబోతే అది రాజ్యంగా మిగలదంటాడు. అనేక స్వరాల పొందికను ఒకే స్వరానికి కుదించినట్టు, లయ మొత్తాన్ని ఒకే గణానికి కుదించినట్టు అవుతుందని ఆయన మాట. మూడో పుస్తకంలో ఇంకో మంచి మాట ఉంది. సంగీతాన్నీ కవిత్వాన్నీ ఒక్కడికంటే పదిమంది బాగా తూచగలరు, ఒకడు ఒక భాగం పట్టుకుంటే ఇంకొకడు ఇంకోటి పట్టుకుంటాడు, అందరూ కలిసి మొత్తం పట్టుకుంటారని. ప్లేటో తిట్టిన ప్రేక్షకులకు ఇది వకాల్తా. జనం తెలివి మీద ఈనాటికీ జరిగే వాదనలకు మూలం ఆ పేరానే.

ఆలోస్‌ను వెళ్లగొట్టి ఫ్రిజియన్‌ను ఉంచుకోవడం ఏం సబబని కూడా ఎనిమిదో పుస్తకంలో దెప్పుతాడు, ఆ రెంటి పని ఒకటే కదా అని. చదువుతుంటే నవ్వొస్తుంది.

ఆర్కెస్ట్రా పోలిక ఎక్కడిది? భారతదేశం గురించి కూడా అదే అంటారు కదా?

ఎక్కువమంది చెప్పుకునేది తత్వవేత్త హోరెస్ కాలెన్ 1915లో అమెరికా గురించి రాసిన వ్యాసం. వలస వచ్చిన జాతులన్నీ ఒకే మూసలో కరిగిపోవాలన్న వాదానికి ఎదురుగా, ఒక్కో జాతి ఒక్కో వాద్యంలా తన నాదం తాను పలకాలన్నాడు. అదే ఏడాది ఇంకో అమెరికన్ తత్వవేత్త జాన్ డ్యూయీ ఆయనకు ఉత్తరం రాస్తూ, సరే ఒప్పుకుంటాను, కానీ చివరికి సింఫనీ వినిపించాలి, ఎవరి వాద్యం వాళ్లు ఒకేసారి మోగించుకుంటే చాలదు అన్నాడు. 1971లో రాజకీయ తత్వవేత్త జాన్ రాల్స్ తన 'న్యాయ సిద్ధాంతం' పుస్తకంలో ఆర్కెస్ట్రాను ఇంకో పనికి వాడుకున్నాడు. ప్రతివాడూ ఏ వాద్యమైనా నేర్చుకోగలిగినవాడే, అన్నీ నేర్చుకునేంత ఆయుష్షు లేదు కాబట్టి ఒక్కటి ఎంచుకుంటాడు, తను వదులుకున్నవి పక్కవాడి వాద్యంలో అనుభవిస్తాడు. నాకు ఈ మూడింటిలో రాల్స్‌దే ఇష్టం. అందులో ఇంకొకరి నేర్పు మీద అసూయకు బదులు ఆనందం ఉంది.

ముగ్గురూ పక్కన పెట్టిన మనిషి ఒకడున్నాడు, కర్ర పట్టుకుని ఎత్తు మీద నిలబడేవాడు. అధికారానికి కండక్టర్‌ను మించిన స్పష్టమైన రూపం లేదని 1960లో రచయిత ఎలియాస్ కనెట్టి రాశాడు. అందరూ కూర్చుంటే అతనొక్కడే నిలబడతాడు, అతను చెయ్యి ఎత్తేదాకా ఎవరూ పలకరు. అసలు కండక్టరే వద్దని 1922లో మాస్కోలో పెర్సింఫాన్స్ అనే ఆర్కెస్ట్రా పెట్టి పదేళ్లు నడిపారు కూడా. వృత్తంలా కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ వాయించేవారు. అప్పటి సోవియట్ రాజకీయం మాత్రం రోజురోజుకీ ఒక్క మనిషి చేతిలోకి పోయింది. వేదిక మీద సమానత్వం ఉంటే వీధిలో కూడా ఉంటుందని ఎవరైనా చెబితే ఈ ఉదాహరణ గుర్తు చేయండి.

మన సంగీతంలోంచి పోలిక తీస్తే ఏది నప్పుతుంది? రాజ్యాంగమే శ్రుతి అనొచ్చా?

అంటారు, ఉపన్యాసాల్లో తరచు వినిపిస్తుంది. శ్రుతి తప్పకుండా ఎన్ని సంగతులైనా వేసుకోవచ్చు, రాజ్యాంగ మౌలిక స్వరూపం చెడకుండా ఎన్ని సవరణలైనా చేసుకోవచ్చు. సుప్రీంకోర్టు 1973 కేశవానంద భారతి తీర్పును పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే సులువైన దారి నాకూ దొరకలేదు.

అయితే శ్రుతి ఆకాశం నుంచి ఊడిపడదు. పాడేవాళ్లు తమ గొంతుకు అనువైనది పెట్టుకుంటారు, పక్కవాద్యాలు దానికి సర్దుకుంటాయి. మన రాజ్యాంగ సభలో ఎక్కువమందిని ఎన్నుకున్నది ప్రాంతీయ శాసనసభలు. ఆ శాసనసభలకు 1946లో ఓటేసింది ఆస్తో చదువో ఉన్న కొద్దిమంది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి లాంటి కొందరు స్త్రీలు ఆ సభలో ఉన్నారు, అయినా వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. శ్రుతి పెట్టినవాళ్లు బాగానే పెట్టారు. అందరూ కలిసి పెట్టారనడం మాత్రం నిజం కాదు.

ఇంకో సంగతి. పాత సన్నాయి మేళంలో ఒత్తు పట్టేవాడిని చూశారా? సన్నాయి ఆయన పీక తీసి, తడుపుకుని, చమత్కారాలన్నీ చేస్తుంటాడు. వెనక ఒత్తు మనిషి బుగ్గలు పూరించి, ముక్కుతో గాలి పీల్చుకుంటూ ఒకే ఒక్క స్వరం ఊదుతూనే ఉంటాడు. పెళ్లిపందిట్లో తాళి కట్టేదాకా అది ఆగదు. భలే అని ఆయన్ని మెచ్చుకున్నవాళ్లను నేను చూడలేదు. ఇప్పుడు ఆ పని కరెంటు శ్రుతి పెట్టె చేస్తోంది. రాజ్యాంగం శ్రుతి అయితే ఒత్తు పట్టేది ఎవరు? నా దృష్టిలో ఎన్నికల డ్యూటీకి పడవెక్కి గోదావరి మధ్య లంకకు వెళ్లే టీచరూ, జాబితాలో పేర్లు సరిచూసే బీఎల్వో (బూత్ లెవెల్ ఆఫీసర్). సిద్ధాంత గ్రంథాల్లో వాళ్ల ప్రస్తావన వెతికినా దొరకదు.

బుర్రకథ గురించి మీరు ఎక్కువ మాట్లాడతారు, ఎందుకు?

ప్లేటోకి గానీ కాలెన్‌కి గానీ తెలియని ఏర్పాటు అందులో ఉంది కాబట్టి. నడిమధ్య తంబూరా భుజాన వేసుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథకుడు. రెండు పక్కలా ఇద్దరు వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఆ రెండో ఆయన పనే కథను లోకంలోకి లాగడం. కథకుడు ఏ రాజు దానధర్మాల గురించో ఊపు మీద పాడుతుంటాడు. "ఆగాగు గురూ, ఆ దానం చేసిన భూమి ముందు ఎవరిది?" అని వంత అడ్డు పడతాడు. అందెల చప్పుడు ఆగిపోతుంది. తందాన తాన కూడా ఆగిపోతుంది. కథకుడు జవాబు చెప్పి తీరాలి, చెప్పకపోతే కథ నడవదు. అడ్డు తగలడం అక్కడ అపశ్రుతి కాదు, ఆట నియమం. బ్రిటిష్ మద్రాసులోనూ నిజాం రాజ్యంలోనూ బుర్రకథను నిషేధించారంటే ఆ నియమం ఎంత పని చేసిందో ఊహించుకోవచ్చు.

మెచ్చుకున్నాను కదా అని లోపం దాచను. వంత అడిగే ప్రశ్నలు చాలామటుకు ముందే రాసి పెట్టుకున్నవి. ప్రదర్శనలో డబ్బు పంచేది కథకుడే. ప్రభుత్వ పథకాల ప్రచారానికి బుర్రకథ కట్టించినప్పుడు చూడండి, రాజకీయం వంత "ఆహా, ఎంత మంచి పథకం!" అనడానికి తప్ప నోరు తెరవడు. మన చట్టసభల్లో ప్రశ్నోత్తరాల సమయం చూసినప్పుడు నాకు ఒక్కోసారి అదే గుర్తొస్తుంది.

పాట జనాన్ని కలుపుతుందంటారు. మన జిల్లాల చరిత్రలో అలా జరిగిందా?

కలిపిందీ ఉంది, విడదీసిందీ ఉంది.

1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు ఆయన ఉపన్యాసాలను తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సందర్భంలో ఆయన చెప్పిన పద్యంలో దేశం పాడియావు, జనం ఏడుస్తున్న లేగదూడలు, తెల్లవాళ్లు దూడల మూతులు బిగించి పాలు పిండుకునే గడుసరి గొల్లవాళ్లు. వలస దోపిడీ మీద ఎంత పెద్ద గ్రంథం చదివినా ఆ నాలుగు పాదాలంత సూటిగా తగలదు. వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నందుకు అక్కడి కాలేజీ విద్యార్థుల మీద వేటు పడింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చదువు పోగొట్టుకున్నది ఆ గొడవలోనే.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభ. వందేమాతరం పాడటానికి హిందుస్తానీ గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ లేచారు. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ మతపరంగా సంగీతం తమకు అభ్యంతరమన్నారు. ఇది జాతీయ వేదిక, ఏ ఒక్క మతానిదీ కాదని పలుస్కర్ పాట పూర్తిగా పాడారు. ఇద్దరిలో ఎవరిది తప్పని పిల్లలు అడుగుతారు. నాకైతే అక్కడ తీర్పు కంటే చిక్కే ముఖ్యం. ఒకాయనకు ఆ పాటే దేశం. ఇంకొకాయన దేశం కోసం జైలుకు వెళ్లి వచ్చినవాడే, అయినా పాట తనను బయట నిలబెడుతోందన్నాడు. 1937లో కాంగ్రెస్ కార్యవర్గం మొదటి రెండు చరణాలు చాలని తీర్మానించింది. పాట చరణాలను చర్చించి, కొలిచి, కుదించుకోవడం కవులకు కష్టంగా ఉండొచ్చు. ప్రజాస్వామ్యంలో పని అలాగే జరుగుతుంది.

గరిమెళ్ల పాట, కుసుమ ధర్మన్న పాట: రెండూ ఎందుకు కలిపి చదవాలి?

1920ల్లో గరిమెళ్ల సత్యనారాయణ తెల్ల దొరతనం మాకొద్దని పాట కట్టి, పాడినందుకు జైలుకెళ్లాడు. ఊరూరా పాడుకున్నారు. అదే రోజుల్లో రాజమండ్రి దళిత కవి కుసుమ ధర్మన్న ఆ పల్లవిలో ఒక్క మాట మార్చి నల్ల దొరతనం మాకొద్దన్నాడు. తెల్లవాడు పోతే మా నెత్తిన కూర్చునేది మీరే కదా అని ఆ పాట సవర్ణులను నిలదీసింది. స్వాతంత్ర్యోద్యమం అనే గొప్ప బృందగానంలో అపస్వరం అన్నవాళ్లు అన్నారు. నేనైతే ఆ రోజుల్లో గోదావరి ఒడ్డున పుట్టిన అతి ప్రజాస్వామికమైన పాట అదేనంటాను. అందరికీ నోటికొచ్చిన పాటనే తీసుకుని, దాన్ని పాడుతున్నవాళ్ల వైపే తిప్పాడు.

ఇక్కడ అరిస్టాటిల్ మళ్లీ అవసరమవుతాడు. జంతువులకు గొంతు ఉంది, దానితో నొప్పి, సుఖం తెలుపుతాయి. మనిషికి మాట ఉంది, దానితో న్యాయం, అన్యాయం చెబుతాడు అన్నాడు. ఫ్రెంచి తత్వవేత్త జాక్ రాన్సియేర్ 1995లో దీన్ని పట్టుకుని ఎదురు ప్రశ్న వేశాడు: ఎవరిది మాట, ఎవరిది వట్టి చప్పుడు అని తేల్చేది ఎవరు? రోమ్ ప్రభువులకు సామాన్యుల మాట చప్పుడుగానే వినిపించిందట. మన ఊళ్లలో టముకు వేసేవాణ్ణి తలుచుకోండి. పంచాయతీ నిర్ణయాన్ని ఊరంతటికీ వినిపించింది అతని గొంతే. ఆ నిర్ణయం చేసిన రచ్చబండ మీద అతను కూర్చునే వీలు లేదు. ధర్మన్న పాట వట్టి డప్పు చప్పుడు కాదని ఒప్పుకోవడానికి మన సాహిత్య చరిత్రలకు చాలా కాలం పట్టింది.

రాజ్యాంగం అమలులోకి వస్తే వైరుధ్యాల జీవితంలోకి అడుగుపెడతామని, రాజకీయంలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం ఉంటాయని 1949 నవంబరు 25న అంబేడ్కర్ హెచ్చరించినప్పుడు ఆయన ఏ సామరస్య గీతమూ వినిపించలేదు. కావాలనే వినిపించలేదనుకుంటాను.

అందరూ పాడుతుంటే పాడకుండా ఉండే హక్కు ఉందా?

ఉంది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. మన సంప్రదాయం, తత్వం, రాజ్యాంగం సహనాన్నే నేర్పుతున్నాయి, దాన్ని పలచన చేయొద్దని ముగించారు. 2013లో వచ్చిన నోటా కూడా ఈ కోవలోదే, కాకపోతే దానికి పళ్లు లేవు. నోటాకే ఎక్కువ ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు.

ఈ పోలికలన్నీ మానేసి సూటిగా మాట్లాడుకోకూడదా?

ఇంగ్లీషు తత్వవేత్త థామస్ హాబ్స్ అదే అన్నాడు, పోలికలు బుద్ధిని దారి తప్పిస్తాయని. ఆ మాట అన్న పుస్తకం పేరు 'లెవయాథన్', అది ఒక సముద్రపు రాక్షసి పేరు.

ఎన్నికల మైకు పాటలు ఈ లెక్కలోకి వస్తాయా?

హిట్టయిన సినిమా పాట వరసలో అభ్యర్థి పేరు ఇరికించి ఆటో మీద తిప్పుతారే, అవా? ధర్మన్న చేసింది పాటను తిప్పికొట్టడం. ఇక్కడ వరసను అద్దెకు తెచ్చుకుంటారు. చట్టం మాత్రం పాటను సీరియస్‌గానే తీసుకుంటుంది. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు కట్టెయ్యాలి. పోలింగు ముగిసే వేళకు 48 గంటల ముందే బహిరంగ ప్రచారం ఆపాలి. ప్లేటో ఈ ఒక్క సెక్షన్‌కి చప్పట్లు కొట్టేవాడు.

మా కాలువ సంఘం మీటింగుకి ఇదేమైనా పనికొస్తుందా?

ఒక మేరకే. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాక దాళ్వా (రెండో వరి పంట) ముందు మీటింగుల్లో కాలువ చివరి శివారు రైతు కూడా మాట్లాడుతున్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలినప్పటి నుంచి తన చేలోకి చేరేదాకా ఏం జరుగుతుందో అతనికంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఎగువ రైతులు తల ఊపుతూ వింటారు, "నిజమేనండీ పాపం" అంటారు కూడా. మర్నాడు తూము మాత్రం ఎప్పట్లాగే ఉంటుంది.

సంగీతం పోలిక ఇక్కడ ఆగిపోతుంది. కచేరీలో వినడంతో పని పూర్తవుతుంది. కాలువ మీద విన్న తర్వాతే అసలు పని, వంతులు మార్చాలి, ఎవరో ఒకరు తమ తడి తగ్గించుకోవాలి. నా గొంతు వినిపించింది చాలు అనుకునే రైతును నేనింతవరకు చూడలేదు. సిద్ధాంతవేత్తల్లో మాత్రం అలా అనేవాళ్లు చాలామందే ఉన్నారు.

పరీక్షలో ఇవన్నీ రాయొచ్చా?

ప్లేటో, అరిస్టాటిల్, రాల్స్ రాయండి, పుస్తకం పేరు, అధ్యాయం సంఖ్యతో. డ్యూయీ పెట్టిన షరతు ఒక వాక్యంలో రాస్తే దిద్దేవాళ్లు ఆగి చదువుతారు. బుర్రకథ, ధర్మన్న సిలబస్‌లో లేవు గానీ "విమర్శనాత్మకంగా చర్చించండి" అని అడిగినప్పుడు నిరభ్యంతరంగా వాడుకోండి. దిద్దే ఆయన గోదావరి జిల్లాల వాడైతే ఇంకో రెండు మార్కులు ఎక్కువే పడొచ్చు.